పనికి తగిన ఇంజిన్

పాఠ్యభాగ ఉద్దేశం

చిన్న సరుకు బండి ఎందరో యువకులకు జీవనోపాధి. ఆ బండికి ప్రాణం ఇంజిన్. ఇంజిన్ల పనితీరులోని శాస్త్ర విషయాలను సులభంగా వివరించడం, ఒక వస్తువును కొనేముందు దాని అవసరాన్ని, ఖర్చును, ఫలితాన్ని తూచి చూసే అలవాటును విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

నేపథ్యం

వెనుక తెరచి ఉన్న తొట్టి గల చిన్న సరుకు బండిని పికప్ ట్రక్ అంటారు. 1925లో అమెరికాలోని ఫోర్డ్ కంపెనీ తన 'మోడల్ టి' కారుకు వెనుక తొట్టి అమర్చి అమ్మకానికి పెట్టింది. దాని ఇంజిన్ బలం 20 అశ్వశక్తి మాత్రమే. అయినా రైతులు, చిన్న వ్యాపారులు దానిని ఆదరించారు. ఇది జరిగిన ఎనభై ఏళ్లకు, 2005లో, భారతదేశంలో 'టాటా ఏస్' వచ్చింది. దాని బలం 16 అశ్వశక్తి. ఈ రెండు బండ్లూ నిరూపించిన సత్యం ఒక్కటే: బండి గొప్పతనం ఇంజిన్ పెద్దదా, చిన్నదా అన్న దానిలో లేదు, చేయవలసిన పనికి ఆ ఇంజిన్ తగినదా, కాదా అన్న దానిలో ఉంది.

పాఠం

రాయలసీమలోని మదనపల్లె టమాటా మార్కెట్ దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి. చుట్టుపక్కల పల్లెల నుండి తెల్లవారకముందే వందలాది చిన్న బండ్లు టమాటా పెట్టెలతో అక్కడికి చేరుకుంటాయి. అక్కడి నుండి సరుకు బెంగళూరు, చెన్నై వంటి నగరాలకు తరలిపోతుంది. ఆ ప్రాంతంలోని ఒక పల్లెలో ఒక రైతు కుటుంబాన్ని ఊహించుకుంటే ఈ పాఠంలోని విషయం చక్కగా బోధపడుతుంది.

ఆ ఇంటి కుమారుడు ఇంటర్మీడియట్ పూర్తి చేసి, నాలుగేళ్లు ఇతరుల బండ్లు నడిపి, స్వంతంగా ఒక పికప్ కొనాలని నిశ్చయించుకున్నాడు. తండ్రి దాచిన డబ్బు బండి ధరలో నాలుగవ వంతుకు సరిపోతుంది. మిగిలినదంతా అప్పు. ఆ అప్పును నాలుగేళ్ల పాటు నెలనెలా వాయిదాలుగా తీర్చవలసి ఉంటుంది. పొరుగింటివారు ఇటీవలే పెద్ద డీజిల్ బండి కొన్నారు. తన బండి కూడా దానికి తీసిపోకూడదని ఆ యువకుని కోరిక. అమ్మకాల దుకాణంలో అతనికి అశ్వశక్తుల పట్టికలు చూపించారు. తండ్రి మాత్రం "తొందరపడవద్దు నాయనా, ఒకసారి మేస్త్రీని అడిగి చూద్దాం" అన్నాడు.

ముప్పై ఏళ్లుగా బండ్లు బాగుచేస్తున్న ఆ మేస్త్రీ వారి మాటలన్నీ విని, "ఏం మోస్తావో ముందు చెప్పప్పా, ఏ ఇంజిన్ కావాలో ఆ తరువాత చూస్తాం" అన్నాడు. ఆపై అతడు నాలుగు ప్రశ్నలు వేశాడు. ఎంత బరువు? ఎంత దూరం? ఎలాంటి బాట? ఏడాదికి ఎన్ని రోజులు? ఆ యువకుని దగ్గర ఏ ఒక్క ప్రశ్నకూ కచ్చితమైన జవాబు లేదు. పికప్ బండికి ఇంజిన్‌ను ఎంచుకోవడమనే శాస్త్రమంతా ఈ నాలుగు ప్రశ్నలలోనే ఇమిడి ఉంది.

రెండు ఇంజిన్ల పుట్టుక

బండ్లను నడిపే అంతర్దహన యంత్రాలలో ప్రధానమైనవి రెండు. జర్మనీకి చెందిన నికోలస్ ఆటో 1876లో నాలుగు దశలలో పనిచేసే ఇంజిన్‌ను విజయవంతంగా నడిపాడు. ఇంధనాన్ని, గాలిని కలిపి సిలిండర్‌లో నొక్కి, నిప్పురవ్వతో మండించడం దీని పద్ధతి. నేటి పెట్రోల్ ఇంజిన్లు ఈ సంతతికి చెందినవే.

రుడాల్ఫ్ డీజిల్ మరొక మార్గం తొక్కాడు. గాలిని తగినంత గట్టిగా నొక్కితే అది తనంతట తానే వేడెక్కుతుంది. సైకిల్ చక్రానికి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కడం అందరికీ అనుభవమే. ఇలా వేడెక్కిన గాలిలోనికి ఇంధనాన్ని చిమ్మితే నిప్పురవ్వ అవసరం లేకుండానే అది మండుతుంది. ఈ ఆలోచనకు డీజిల్ 1893లో పేటెంట్ పొందాడు. 1897లో ఆగ్స్‌బర్గ్ నగరంలో అతని ఇంజిన్‌ను పరీక్షించినప్పుడు అది ఇంధనంలోని శక్తిలో దాదాపు 26 శాతాన్ని పనిగా మార్చింది. ఆనాటి ఆవిరి యంత్రాల దక్షత పది శాతానికి అటూ ఇటూగా ఉండేది. 1900లో పారిస్‌లో జరిగిన ప్రదర్శనలో వేరుశనగ నూనెతో నడిచే డీజిల్ ఇంజిన్‌ను కూడా చూపించారు. 1913లో ఓడలో ఇంగ్లండుకు వెళుతూ డీజిల్ సముద్రంలో అదృశ్యమయ్యాడు. ఆ తరువాత పదేళ్లకు డీజిల్ లారీలు రోడ్డెక్కాయి. వాటి విజయాన్ని చూసే భాగ్యం అతనికి దక్కలేదు.

పెట్రోల్ ఇంజిన్‌లో వాయువును సుమారు పదో వంతుకు కుదిస్తే, డీజిల్ ఇంజిన్‌లో గాలిని సుమారు పద్దెనిమిదో వంతుకు కుదిస్తారు. దీనినే సంపీడన నిష్పత్తి అంటారు. ఈ నిష్పత్తి పెరిగినకొద్దీ ఇంధనం నుండి రాబట్టగల పని పెరుగుతుంది. లీటరు డీజిల్‌లో ఉండే శక్తి కూడా లీటరు పెట్రోల్‌లోని శక్తి కంటే సుమారు పదో వంతు ఎక్కువ. డీజిల్ బండి ఎక్కువ మైలేజీ ఇవ్వడానికి ఈ రెండూ కారణాలు. అయితే అంతటి ఒత్తిడిని భరించడానికి ఆ ఇంజిన్ భాగాలు దృఢంగా, బరువుగా ఉండాలి. అందుచేత దాని ధర కూడా ఎక్కువే.

లాగే బలం – పరుగెత్తే శక్తి

ఇంజిన్‌ను గురించి చెప్పేటప్పుడు రెండు మాటలు వినిపిస్తాయి. మొదటిది టార్క్. ఇరుసును మెలితిప్పే బలమే టార్క్. దీనిని న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. బిగుసుకుపోయిన నట్టును విప్పేటప్పుడు పొడవైన స్పానర్ వాడితే సులభంగా తిరుగుతుంది. చేతి బలం పెరగలేదు, పెరిగినది టార్క్. రెండవది శక్తి. ఒక నిర్ణీత కాలంలో ఎంత పని జరిగిందో అది చెబుతుంది. టార్క్‌ను నిమిషానికి తిరిగే భ్రమణాల సంఖ్యతో హెచ్చించి 9,549తో భాగిస్తే శక్తి కిలోవాట్లలో వస్తుంది.

ఈ సూత్రంలో ఒక కీలకం దాగి ఉంది. నిమిషానికి 1,500 భ్రమణాల వద్ద 200 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చే ఇంజిన్ శక్తి సుమారు 31 కిలోవాట్లు. నిమిషానికి 4,500 భ్రమణాల వద్ద 67 న్యూటన్ మీటర్లు ఇచ్చే ఇంజిన్ శక్తి కూడా సుమారు 31 కిలోవాట్లే. కాగితం మీద రెండూ సమానం. కాని నిండు బరువుతో ఆగి ఉన్న బండిని కదిలించేటప్పుడు మొదటిది నిదానంగా, సునాయాసంగా కదులుతుంది. రెండవదానికి గేర్ల సాయం ఎక్కువగా కావాలి. అది హోరెత్తుతూ తిరగాలి. పదే పదే ఆగి కదిలే బండిలో దాని క్లచ్ త్వరగా అరుగుతుంది. ఎద్దు, గుర్రం రెండూ బలమైనవే. నాగలికి ఎద్దును కట్టడానికి, పందేనికి గుర్రాన్ని దింపడానికి కారణం ఇదే.

బరువులు మోసే బండిని ఎంచుకునేవారు అశ్వశక్తి ఎంత అని మాత్రమే కాక, అత్యధిక టార్క్ ఏ భ్రమణాల వద్ద లభిస్తున్నదో కూడా చూడాలి. ఉదాహరణకు మహీంద్రా బొలెరో పికప్‌లో 2,523 సి.సి. నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ సుమారు 200 న్యూటన్ మీటర్ల టార్క్‌ను నిమిషానికి రెండువేల లోపు భ్రమణాల వద్దనే అందిస్తుంది. టన్నుకు పైగా బరువుతో దూర ప్రయాణాలు చేసేవారు అటువంటి ఇంజిన్ల వైపు మొగ్గడానికి కారణం అదే.

సగం చేసిన ఇంజిన్

2000వ సంవత్సరం ప్రాంతంలో భారతీయ రవాణాలో ఒక ఖాళీ ఉండేది. పెద్ద లారీలు పట్టణాల నడుమ తిరిగేవి. చిన్న చిన్న దూరాలకు మూడు చక్రాల ట్రాలీ ఆటోలు ఉండేవి. ఈ రెంటికీ మధ్య చవకగా, భద్రంగా ముప్పాతిక టన్ను మోయగల నాలుగు చక్రాల బండి లేదని టాటా మోటార్స్ ఇంజినీర్లు గుర్తించారు. గిరీష్ వాఘ్ నాయకత్వంలోని బృందం మూడు చక్రాల బండ్ల యజమానులను కలిసి మాట్లాడింది. వారికి కావలసింది అధిక వేగం కాదు. బరువు మోసే సత్తువ, తక్కువ ఖర్చు, ఇరుకు వీధులలో తిరగగల చిన్న ఆకారం, వాటితో పాటు నాలుగు చక్రాల బండికి ఊరిలో లభించే గౌరవం.

ఆ అవసరానికి తగిన చిన్న ఇంజిన్ కావాలి. అప్పటికే ఇండికా కారులో 1,405 సి.సి. గల నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ ఉంది. ఇంజినీర్లు దానిని ఆధారంగా చేసుకొని, రెండు సిలిండర్లు మాత్రమే ఉండే 702 సి.సి. ఇంజిన్‌ను రూపొందించారు. ఒక విధంగా అది పెద్ద ఇంజిన్‌లో సగం. 2005లో విడుదలైన టాటా ఏస్‌కు 'చోటా హాథీ', అంటే చిన్న ఏనుగు, అనే ముద్దుపేరు దేశమంతటా స్థిరపడింది. పల్లె నుండి రైతుబజారుకు కూరగాయలు, గోదాము నుండి కిరాణా కొట్టుకు నిత్యావసర వస్తువులు, ఇల్లు మారేవారి సామాను – అన్నీ ఆ చిన్న ఇంజిన్ మోసింది. 'పిండి కొద్దీ రొట్టె' అన్న సామెతను ఆ ఇంజినీర్లు యంత్రశాస్త్రంలో ఆచరించి చూపారు.

కాలంతో పాటు మారిన జవాబు

ఒకప్పుడు సరుకు బండి అంటే డీజిల్ బండే. అందుకు బలమైన కారణం ధర. ప్రభుత్వం డీజిల్ ధరను అదుపులో ఉంచడం వల్ల అది పెట్రోల్ కంటే చాలా చవకగా ఉండేది. 2010లో పెట్రోల్ ధర మీద, 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద నియంత్రణ తొలగింది. రెంటి ధరల మధ్య అంతరం తగ్గిపోయింది.

రెండవ మార్పు కాలుష్య నియమాల వల్ల వచ్చింది. డీజిల్ ఇంజిన్‌లోని అధిక ఉష్ణోగ్రత వల్ల నత్రజని ఆక్సైడ్లు, ఇంధనం అక్కడక్కడ సరిగా మండకపోవడం వల్ల మసి ఏర్పడతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లో డీజిల్ పొగను క్యాన్సర్ కారకంగా ప్రకటించింది. ఆ పొగను అందరికంటే ఎక్కువగా పీల్చేది రోజంతా రోడ్డు మీద ఉండే డ్రైవరు, బజారులో కూర్చునే చిరు వ్యాపారి. భారతదేశం నాలుగవ దశ నియమాల నుండి అయిదవ దశను దాటవేసి, 2020 ఏప్రిల్ 1 నుండి నేరుగా భారత్ స్టేజ్ ఆరు నియమాలను అమలుచేసింది. ఇంధనంలోని గంధకాన్ని పది లక్షల భాగాలలో 50 భాగాల నుండి 10 భాగాలకు తగ్గించారు.

ఈ నియమాలను పాటించడానికి డీజిల్ బండ్లకు మసిని పట్టే వడపోత, పొగను శుద్ధిచేసే పరికరాలు అమర్చవలసి వచ్చింది. పెద్ద లారీ ధరలో ఆ ఖర్చు కొద్ది భాగమే. చిన్న బండి ధరలో అది పెద్ద భారం. మారుతి కంపెనీ 2016లో 793 సి.సి. డీజిల్ ఇంజిన్‌తో 'సూపర్ క్యారీ' అనే చిన్న సరుకు బండిని తెచ్చింది. 2020 నాటికి డీజిల్ ఇంజిన్లను వదలి, అదే బండిని పెట్రోల్, సి.ఎన్.జి. ఇంజిన్లతో అమ్మసాగింది. 2020లో టాటా ఏస్ కూడా 694 సి.సి. పెట్రోల్ ఇంజిన్‌తో లభించింది.

మసి వడపోతకు మరొక లక్షణం ఉంది. అందులో చేరిన మసి కాలిపోవాలంటే పొగ బాగా వేడెక్కాలి. అందుకు బండి కొంతసేపు ఎడతెగకుండా మంచి వేగంతో నడవాలి. నాలుగు వీధులు తిరిగి, పది చోట్ల ఆగి, ఇంజిన్ వేడెక్కకముందే ఆగిపోయే బండిలో ఆ మసి పేరుకుపోతుంది. హెచ్చరిక దీపం వెలుగుతుంది. మరమ్మతు ఖర్చు మీదపడుతుంది. అంటే డీజిల్ ఇంజిన్ నేడు దూరాన్ని కోరుకుంటుంది.

గ్యాసు, విద్యుత్తు

సంపీడిత సహజ వాయువునే సి.ఎన్.జి. అంటారు. ఇది ప్రధానంగా మీథేన్. పెట్రోల్ ఇంజిన్‌నే కొద్ది మార్పులతో దీనితో నడపవచ్చు. మసి దాదాపు ఉండదు. కిలోమీటరుకు ఇంధనం ఖర్చు సాధారణంగా పెట్రోల్ కంటే తక్కువ. అయితే సిలిండర్‌లో వాయువును వాతావరణ పీడనానికి సుమారు 200 రెట్ల పీడనంతో నింపుతారు. ఆ సిలిండర్ బరువు, అది ఆక్రమించే చోటు బండికి భారం. ఇంజిన్ శక్తి కూడా కొంత తగ్గుతుంది. మూడేళ్లకొకసారి సిలిండర్‌ను పరీక్ష చేయించాలి. అన్నింటికంటే ముఖ్యమైనది, దారిలో గ్యాసు బంకు ఉండటం. 2003లో భాగ్యనగర్ గ్యాస్ సంస్థ ఏర్పడిన తరువాత హైదరాబాదు, విజయవాడ నగరాలలో ఈ ఇంధనం అందుబాటులోకి వచ్చింది. బంకు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న పల్లెకు చవక గ్యాసు చవక కాదు.

విద్యుత్ బండి స్వభావం వేరు. ఇంజిన్ కొంత వేగం అందుకున్నాకనే పూర్తి టార్క్ ఇస్తుంది; విద్యుత్ మోటారు నిలబడి ఉన్న స్థితి నుండే ఇస్తుంది. 2022లో విడుదలైన టాటా ఏస్ విద్యుత్ బండి మోటారు 27 కిలోవాట్ల శక్తిని, 130 న్యూటన్ మీటర్ల టార్క్‌ను ఇస్తుంది. దాని 21.3 కిలోవాట్ అవర్ల బ్యాటరీకి పరీక్షలలో ధ్రువీకరించిన పరిధి 154 కిలోమీటర్లు. నిండు బరువుతో, రద్దీ రోడ్ల మీద ఆ దూరం తగ్గుతుంది. ప్రతి సాయంత్రం గోదాముకు తిరిగివచ్చి రాత్రంతా చార్జింగ్‌కు నిలబడే నగర బండికి ఇది చక్కగా సరిపోతుంది. నీళ్ల క్యాన్లు, పాల ప్యాకెట్లు, పార్సిళ్లు పంచే పనికి ఆగడం, కదలడమే జీవితం. ఆ పనిలో విద్యుత్ మోటారుకు సాటి లేదు. కాని కిరాయి ఎటు తగిలితే అటు పోయే బండికి, దారిలో చార్జింగ్ దొరుకుతుందన్న భరోసా లేనిచోట, అది చిక్కు తెచ్చిపెడుతుంది.

బాట చెప్పే మాట

మైదానంలో నడిచే బండి ప్రధానంగా నేల ఒరిపిడిని, గాలి నిరోధాన్ని జయించాలి. ఎత్తు ఎక్కే బండి తన బరువును తానే పైకి మోసుకుపోవాలి. సరుకుతో కలిపి 1,500 కిలోల బరువున్న బండి ఇరవై మీటర్లకు ఒక మీటరు ఎత్తు లేచే వాలు ఎక్కేటప్పుడు గురుత్వాకర్షణ దానిని సుమారు 735 న్యూటన్ల బలంతో వెనక్కి లాగుతుంది. నెమ్మదిగా నడిచే ఆ బండికి సమతల రోడ్డు మీద ఎదురయ్యే నిరోధం సుమారు 225 న్యూటన్లు. రెండూ కలిపితే, ఎక్కుడులో ఇంజిన్ మీద పడే భారం నాలుగింతలు దాటుతుంది.

విశాఖపట్నం నుండి సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉన్న అరకులోయకు ఆ బండి వెళ్లిందనుకుంటే, కేవలం ఆ ఎత్తుకు చేరడానికే కోటీ ముప్పై రెండు లక్షల జౌళ్ల పని జరగాలి. ఇంజిన్ దక్షత మూడో వంతు అనుకుంటే, అందుకు లీటరుకు పైగా డీజిల్ ఖర్చవుతుంది. ఇది మామూలు దూరానికి అయ్యే ఇంధనానికి అదనం. అంతేకాక, ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడి ఇంజిన్ శక్తి తగ్గుతుంది. గాలిని బలవంతంగా లోపలికి నెట్టే టర్బో పరికరం ఉన్న ఇంజిన్‌కు ఈ నష్టం తక్కువ. అందుచేత కొండ దారులలో కాఫీ గింజలు, కూరగాయలు మోసేవారికి తక్కువ భ్రమణాల వద్ద ఎక్కువ టార్క్ ఇచ్చే ఇంజిన్ అవసరం. ఏ గేరులో కొండ ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలన్నది డ్రైవర్ల అనుభవసూత్రం.

ఎంత మంచి ఇంజిన్ అయినా అనుమతించిన బరువుకు మించి మోయించడం తగదు. బ్రేకులు, చక్రాలు, కమ్మీలు ఆ బరువుకే తయారైనవి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం అధిక బరువుకు 20,000 రూపాయల జరిమానాను, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలను నిర్దేశించింది. ప్రాణనష్టానికి మాత్రం ఏ చట్టమూ వెల కట్టలేదు.

లాభనష్టాల లెక్క

ఇంజిన్ ఎంపికలో చివరిమాట లెక్కది. సులభంగా ఉండటానికి కొన్ని గుండ్రని అంకెలు తీసుకుంటే, ఒకే పరిమాణం గల రెండు బండ్లలో డీజిల్ బండి ధర 60,000 రూపాయలు ఎక్కువనుకోవాలి. పెట్రోల్ లీటరు 105 రూపాయలు, మైలేజీ 15 కిలోమీటర్లు అయితే కిలోమీటరుకు ఖర్చు 7 రూపాయలు. డీజిల్ లీటరు 95 రూపాయలు, మైలేజీ 19 కిలోమీటర్లు అయితే కిలోమీటరుకు ఖర్చు 5 రూపాయలు. మిగులు కిలోమీటరుకు 2 రూపాయలు. అదనంగా పెట్టిన 60,000 రూపాయలు తిరిగి రావాలంటే బండి 30,000 కిలోమీటర్లు నడవాలి.

ఏడాదికి 300 రోజులు, రోజుకు 200 కిలోమీటర్ల చొప్పున తిరిగే బండికి ఆ దూరం ఆరు నెలలలో పూర్తవుతుంది. అక్కడి నుండి ప్రతి కిలోమీటరూ లాభమే. ఏడాదికి 200 రోజులు, రోజుకు 44 కిలోమీటర్లు మాత్రమే నడిచే బండికి అందుకు మూడేళ్లు దాటుతుంది. ఆ మూడేళ్లూ అదనపు అప్పు మీద వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. ఒకే ఇంజిన్ ఒకరికి లాభం, మరొకరికి భారం కావడంలోని రహస్యం ఇదే.

నోటు పుస్తకం

మేస్త్రీ ఆ యువకునికి ఒక సలహా ఇచ్చాడు. బండి కొనేముందు ఒక నెలపాటు అద్దె బండి నడిపి, రోజూ మోసిన పెట్టెలు, నడిచిన దూరం, వచ్చిన కిరాయి ఒక పుస్తకంలో రాసుకోమన్నాడు. యువకుడు అలాగే చేశాడు. నెల తిరిగేసరికి ఆ పుస్తకం అతనికి తెలియని సంగతులు చెప్పింది. పాతిక కిలోల టమాటా పెట్టెలు రోజుకు ఇరవై అయిదుకు మించలేదు. అంటే బరువు 625 కిలోలు. మార్కెట్‌కు పోయి రావడానికి దూరం 44 కిలోమీటర్లు. దారి చాలావరకు చదును. ప్రతి వారమూ దొరుకుతుందనుకున్న బెంగళూరు కిరాయి నెల మొత్తం మీద రెండుసార్లే దొరికింది. పంట లేని రోజులను తీసివేస్తే, ఏడాదికి పని దొరికేది సుమారు 200 రోజులు.

ఆ అంకెలు చూసి తండ్రి కాసేపు మౌనంగా ఉన్నాడు. కుమారుడు మాత్రం "పెద్ద బండి లేకపోతే ఊరిలో చిన్నతనం కదా?" అన్నాడు. మేస్త్రీ నవ్వి, "పొరుగాయన బాట వేరు, నీ బాట వేరు. ఆయన దినామూ బెంగళూరుకు పోతాడు. వాయిదా కట్టేది ఊరు కాదప్పా, నువ్వు" అన్నాడు.

చివరికి ఆ యువకుడు చిన్న పెట్రోల్ ఇంజిన్ గల బండిని కొన్నాడు. అప్పు తగ్గింది, నెలవారీ వాయిదా అతని రాబడిలో ఇమిడింది. టమాటా ధర పడిపోయి కిరాయిలు తగ్గిన నెలలో కూడా అతడు వాయిదా తప్పలేదు. బెంగళూరు కిరాయి వచ్చినప్పుడు ఆ సరుకును పొరుగింటి డీజిల్ బండికి అప్పగించేవాడు. పొరుగాయన తన దగ్గరకు వచ్చే చిన్న కిరాయిలను ఇతనికి పంపేవాడు. వారిద్దరూ కొన్న ఇంజిన్లు వేరు. కాని ఇద్దరి నిర్ణయమూ సరైనదే. ఎవరి పనికి తగినది వారు ఎంచుకున్నారు.

కొత్త ఇంధనాలు, కొత్త ఇంజిన్లు ఇకముందు కూడా వస్తూనే ఉంటాయి. నేటి జవాబు రేపు మారవచ్చు. మేస్త్రీ వేసిన నాలుగు ప్రశ్నలు మాత్రం మారవు. వాటికి జవాబులు ముందుగా రాసుకున్నవారికి బండి బ్రతుకుతెరువు అవుతుంది. రాసుకోనివారికి అదే మోయలేని బరువు అవుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

అంతర్దహన యంత్రం : లోపలే ఇంధనాన్ని మండించుకొని పనిచేసే యంత్రం
సంపీడనం : నొక్కి కుదించడం
దక్షత : ఇచ్చిన శక్తిలో పనిగా మారిన భాగం
భ్రమణం : తనచుట్టూ తాను తిరగడం
సంతతి : వంశం
ఒరిపిడి : రాపిడి
అంతరం : తేడా
ఎక్కుడు : పైకి ఎక్కే దారి
బ్రతుకుతెరువు : జీవనాధారం
దినామూ : ప్రతిరోజూ (రాయలసీమ వాడుక)

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. పికప్ బండికి ఇంజిన్‌ను ఎంచుకునేటప్పుడు గమనించవలసిన విషయాలను పాఠం ఆధారంగా వివరించండి.
2. భారతదేశంలో చిన్న సరుకు బండ్ల ఇంజిన్లలో వచ్చిన మార్పులను, వాటి కారణాలను తెలపండి.

II. కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. పెట్రోల్, డీజిల్ ఇంజిన్లు పనిచేసే పద్ధతులలోని భేదం ఏమిటి?
2. టాటా ఏస్ ఇంజిన్‌ను ఎలా రూపొందించారు?
3. మసి వడపోత ఉన్న డీజిల్ బండికి చిన్న దూరాలు ఎందుకు అనుకూలం కావు?
4. విద్యుత్ బండి ఎటువంటి పనులకు తగినది? ఎందుకు?

III. కింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. ఏం మోస్తావో ముందు చెప్పప్పా, ఏ ఇంజిన్ కావాలో ఆ తరువాత చూస్తాం.
2. పొరుగాయన బాట వేరు, నీ బాట వేరు.

IV. కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. డీజిల్ ఇంజిన్‌ను 1897లో ఏ నగరంలో పరీక్షించారు?
2. భారత్ స్టేజ్ ఆరు నియమాలు ఎప్పటి నుండి అమలులోకి వచ్చాయి?
3. టార్క్‌ను ఏ ప్రమాణాలలో కొలుస్తారు?

V. భాషాంశాలు
1. కింది పదాలను విడదీసి సంధి పేరు రాయండి : జీవనోపాధి, నిత్యావసర, అత్యధిక, లేదని.
2. కింది సమాసాలకు విగ్రహవాక్యాలు రాసి, సమాసం పేరు తెలపండి : లాభనష్టాలు, నాలుగు చక్రాలు, ఇంజిన్ శక్తి.

VI. ప్రాజెక్టు పని
మీ ఊరిలో సరుకు బండి నడిపే ఒకరిని కలిసి, వారి బండి మోసే బరువు, రోజూ నడిచే దూరం, ఇంధనం ఖర్చు తెలుసుకొని పట్టికగా రాయండి. ఆ పనికి ఆ ఇంజిన్ తగినదో కాదో కారణాలతో చర్చించండి.